మెట్ల మీద మజ్జిగ

పిల్లలూ, మీ ఇంటి బెల్లు ఎప్పుడైనా ఇద్దరు అబ్బాయిలు కొట్టారా? తెల్ల చొక్కా, టై, ముదురు రంగు ప్యాంటు, జేబు మీద చిన్న నల్ల బిళ్ల. ఒక్కరే ఎప్పుడూ రారు, ఇద్దరూ కలిసే వస్తారు. గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, అమెరికాలో ఉన్నవాళ్లు చూసే ఉంటారు.

వాళ్లను అందరూ మోర్మన్లు అంటారు. వాళ్ల సంఘం పూర్తి పేరు చాలా పొడుగు. ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్’. ఆ పూర్తి పేరుతో చెబితేనే వాళ్లకు ఇష్టం. తమ మతం గురించి చెప్పడానికి ఆ సంఘం తరఫున ఊరూరూ తిరిగేవాళ్లను మిషనరీలు అంటారు. ఇప్పుడు ప్రపంచంలో అలాంటివాళ్లు 70 వేలకు పైనే ఉన్నారు. ఎక్కువమంది మీ అక్కల, అన్నల వయసువాళ్లే.

అలాంటి ఒక అబ్బాయి గురించి ఈ పాఠంలో చెబుతాను. ఆ అబ్బాయితో పాటు మా నాయనమ్మ గురించి కూడా చెప్పాలి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మేము యూటా రాష్ట్రానికి కొత్తగా వచ్చాం. సాల్ట్ లేక్ సిటీకి దగ్గరలో మా ఇల్లు. ఆ సంఘం పెద్ద ఆఫీసు ఉన్న ఊరే అది. జూలైలో ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. ఇంట్లో నేనూ, మా పాపా మాత్రమే ఉన్నాం. తలుపు తీస్తే ఇద్దరు అబ్బాయిలు, పక్కన రెండు సైకిళ్లు. ఎండకు ముఖాలు ఎర్రగా కందిపోయాయి. ఒకడు పొడుగ్గా ఉన్నాడు, ఐడహో రాష్ట్రం వాడట. రెండోవాడు పొట్టిగా, చామనఛాయగా, అచ్చం మా ఊరి పిల్లాడిలా ఉన్నాడు. ఫిలిప్పీన్స్ దేశం నుంచి వచ్చాడు.

ఎండలో వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం నాకు రాదు. “లోపలికి రండి బాబూ” అన్నాను.

“వద్దు మేడమ్, ఇక్కడే ఉంటాం” అన్నారు.

“పోనీ టీ తాగుతారా?”

“థాంక్యూ మేడమ్, మేము టీ తాగం.”

నాకు చాలా కోపం వచ్చింది. మీకు ఇందులో కోపం తెచ్చుకోవడానికి ఏముందో అర్థం కాకపోవచ్చు. మన ఊళ్లలో ఇంటికి వచ్చిన మనిషి గడప దాటి లోపలికి రాకపోతే, ఇచ్చింది తాగకపోతే, దానికి ఒక అర్థం ఉంది. మీ ఇల్లు మాకు తగదు, మీ చేతి నీళ్లు మాకు పనికిరావు అని. నోటితో అనక్కర్లేదు. అలా నిలబడితే చాలు. “మాకు మా దేవుడు ఉన్నాడు. మేము మతం మారం” అని చెప్పి తలుపు వేసేశాను. గట్టిగానే వేశాను.

వారం తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఫిలిప్పీన్స్ అబ్బాయే ముందుగా మాట్లాడాడు. “మేడమ్, పోయినసారి మీకు బాధ కలిగినట్టుంది. మా నియమాలు చెప్పకుండా వెళ్లిపోయాం” అన్నాడు. అప్పుడు చెప్పాడు. ఇంట్లో పెద్ద మగవాళ్లు లేనప్పుడు ఆడవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లోకి వాళ్లు అడుగు పెట్టకూడదట. టీ, కాఫీ, మందు, పొగాకు ముట్టకూడదట. వాళ్ల సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ 1833లో చెప్పిన ఆరోగ్య నియమం అది. ఆయన మాట ప్రకారం ఇప్పటికీ వాళ్ల ఇళ్లలో టీ కాచరు.

అంటే నా ఇంటిని తక్కువ చేయడానికి కాదు, నాకు మర్యాద ఇవ్వడానికే వాళ్లు బయట నిలబడ్డారు. నేను దాన్ని తిరగేసి చదివాను.

“మజ్జిగ తాగొచ్చా?” అని అడిగాను. మజ్జిగ అంటే ఏమిటో చెప్పాను. తాగొచ్చు అన్నాడు. ఉప్పు వేసి, అల్లం దంచి, కొంచెం కరివేపాకు వేసి రెండు గ్లాసులు తెచ్చాను. గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని తాగారు. ఐడహో అబ్బాయి సగం తాగి ఆలోచనలో పడ్డాడు. ఫిలిప్పీన్స్ అబ్బాయి ఖాళీ గ్లాసు చూపించి ఇంకొంచెం కావాలన్నాడు.

అప్పటినుంచి వారానికి ఒకసారి, మా వీధికి వచ్చినప్పుడు, ఆ మెట్ల మీద కూర్చునేవాళ్లు. మా పాప మధ్యలో కూర్చుని ప్రశ్నలు వేసేది. వాళ్ల జీవితం గురించి నాకు తెలిసినదంతా ఆ ప్రశ్నల వల్లే.

జేబు మీది బిళ్ల మీద ‘ఎల్డర్’ అని, దాని పక్కన వాళ్ల ఇంటిపేరు, కింద సంఘం పేరు ఉంటాయి. ఎల్డర్ అంటే పెద్దాయన అని అర్థం. ఆ పెద్దాయనకు 19 ఏళ్లు! మా పాప పడీ పడీ నవ్వింది. అమ్మాయిలు కూడా వెళ్తారు, వాళ్లను ‘సిస్టర్’ అంటారు. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర ఈ పని చేస్తారు. జీతం లేదు. ఖర్చు ఇంటివాళ్లే పెట్టుకుంటారు, చాలకపోతే సంఘంలోవాళ్లు సాయం చేస్తారు. ఏ దేశం వెళ్లాలో తాము ఎంచుకోకూడదు. సంఘం పెద్దల నుంచి కబురు వస్తుంది. ఈ అబ్బాయికి కబురు వచ్చిన రోజు ఇంట్లో అందరూ చుట్టూ కూర్చున్నారట. ఏదో దూరదేశం, కొత్తమనుషులు అనుకుంటే ‘యూటా’ అని వచ్చింది. “ఇక్కడ ఏ తలుపు కొట్టినా చాలామంది మావాళ్లే మేడమ్! వాళ్లకు నేనేం చెప్పాలి?” అని నవ్వాడు.

పొద్దున 6:30కి లేవాలి. వ్యాయామం, స్నానం, టిఫిన్ అయ్యాక తమ గ్రంథాలు చదవాలి. ముందు ఎవరికి వారు, తర్వాత ఇద్దరూ కలిసి. కొత్త భాష నేర్చుకునేవాళ్లు అది కూడా చదవాలి. ఈ అబ్బాయి బడిలో ఇంగ్లీషు చదివాడు గానీ, ఇక్కడివాళ్లు గబగబా మాట్లాడితే తెలిసేది కాదట. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని కొత్త మాట వినగానే రాసుకునేవాడు. ‘మజ్జిగ’ కూడా అందులోకి ఎక్కింది. పలకడం మాత్రం ‘మజీగా’ అనేవాడు.

పది గంటలకల్లా వీధిలో పడాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా తిరగాలి. పదిన్నరకు దీపాలు ఆర్పేయాలి. సినిమాలు లేవు, వీడియో గేములు లేవు, గర్ల్‌ఫ్రెండ్ లేదు. ఇద్దరూ ఒకరినొకరు విడిచి ఎక్కడికీ వెళ్లకూడదు. తోడుగా ఎవరు ఉండాలో కూడా వాళ్ల ఇష్టం కాదు. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, రెండుపూటలు ఉపవాసం ఉంటారు. తినని ఆ రెండుపూటల తిండికి అయ్యే డబ్బు పేదవాళ్లకు ఇస్తారు.

“ఎంతమంది మీ మాట వింటారు?” అని అడిగింది మా పాప.

“చాలామంది తలుపు తీయరు. తీసినవాళ్లలో కొందరు వెంటనే వేసేస్తారు” అన్నాడు. నా వంక చూడలేదు. మంచిపిల్లాడు.

“మరి ఎందుకు తిరుగుతున్నావు?”

కొంచెంసేపు ఆలోచించాడు. వాళ్ల గుళ్లలో జరిగిన పెళ్లి, అక్కడ కట్టిన కుటుంబబంధం చావుతో తెగిపోదని వాళ్ల నమ్మకం. “మా అమ్మ, నాన్న, చెల్లెళ్లు నాకు ఎప్పటికీ ఉంటారు. నాకు ఇంత మంచి సంగతి తెలిసినప్పుడు ఇంకొకరికి చెప్పకుండా ఎలా ఉంటాను?” అన్నాడు.

అది నా నమ్మకం కాదు. ఆ మాట వాడికి కూడా చెప్పాను. వాళ్ల గ్రంథం ‘బుక్ ఆఫ్ మోర్మన్’ ఇస్తానన్నాడు, తెలుగులో కూడా ఉందన్నాడు. వద్దన్నాను. హైదరాబాదులో కూడా వాళ్ల సంఘం ఉందనీ, అక్కడివాళ్లే దాన్ని నడుపుతున్నారనీ చెప్పాడు. విన్నాను. ఇంటికి వచ్చి మతం మారమని అడగడం నాకు ఇప్పటికీ నచ్చదు పిల్లలూ. వద్దనే హక్కు మనకు ఉంది. మీరు కూడా మీ క్లాసులో ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా “వద్దు, మాకు మా పద్ధతి ఉంది” అనొచ్చు. కాకపోతే ఆ మాటను తలుపు తెరిచి చెప్పొచ్చు. నేను మొదటిరోజు చేసినట్టు మొహం మీద తలుపు వేయక్కర్లేదు.

జూలై 24 ఇక్కడ సెలవు. 1847లో అదే రోజున వాళ్ల పెద్ద బ్రిగమ్ యంగ్ తన మనుషులతో ఈ లోయకు వచ్చి చేరాడు. ఎందుకు వచ్చారో చదివాను. 1838లో మిస్సోరీ రాష్ట్రం నుంచి వాళ్లను తరిమేశారు. 1844లో ఇల్లినాయ్‌లో జోసెఫ్ స్మిత్‌ను జైల్లో ఉండగానే ఒక గుంపు వచ్చి చంపేసింది. ఎవరూ రానివ్వకపోతే బళ్లు కట్టుకుని ఇంత దూరం వచ్చారు.

ఇప్పుడు నాయనమ్మ సంగతి.

ఆగస్టులో ఒకరోజు మజ్జిగ తాగాక ఫిలిప్పీన్స్ అబ్బాయి లేచాడు. మొక్కలకు నీళ్లు పెట్టే కుళాయి దగ్గరికి వెళ్లి తన గ్లాసు తనే కడిగాడు. తెచ్చి మెట్టు మీద బోర్లించాడు. మర్యాదకే చేశాడు. వాళ్లమ్మ అలా నేర్పింది కాబోలు.

బోర్లించిన ఆ గ్లాసు చూడగానే నాకు గొంతు పట్టుకుపోయింది.

మాది ఒంగోలు వైపు పల్లెటూరు. ఆ వైపు అమెరికా మిషనరీలు చాలా కాలం కిందటే వచ్చారు. జాన్ క్లౌ అనే ఆయన కాలంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్తిస్మం అంటే నీళ్లలో మునిగి క్రైస్తవులు కావడం. వాళ్లలో ఎక్కువమంది మాదిగ కులంవాళ్లు. ఊళ్లోవాళ్లు వాళ్లను ఊరి బయట ఉంచేవారు, అంటరానివాళ్లు అనేవారు. అంటే ముట్టుకోకూడనివాళ్లు అని. మనుషుల్ని మనుషులు అలా అన్నారు పిల్లలూ. చట్టం దాన్ని నేరం అన్న తర్వాత కూడా చాలా ఊళ్లలో చాలా ఏళ్లు అలాగే నడిచింది.

నేను ఏడేళ్ల పిల్లను. వేసవి సెలవులకు నాయనమ్మ దగ్గర ఉండేదాన్ని. పల్లె నుంచి ఒక అవ్వ వచ్చేది. పల్లె అంటే మావైపు, ఊరి బయట వాళ్లు ఉండే చోటు. తెల్ల చీర, చంకలో బైబిలు. ఏసుప్రభువు గురించి నాలుగు మాటలు చెప్పేది. నాయనమ్మ వినేది కూడా. అయితే అవ్వ అరుగు కింద కూర్చునేది. ఆవిడ కోసం చూరులో ఒక సత్తు గ్లాసు ఉండేది. చూరు అంటే ఇంటికప్పు కిందకి వంగే అంచు. ఆ గ్లాసు ఇంకెవరూ వాడరు. అవ్వ గ్లాసు తీసుకుని పట్టుకునేది, నాయనమ్మ తగలకుండా పైనుంచి మజ్జిగ పోసేది. తాగాక అవ్వే కడిగి, బోర్లించి, చూరులో పెట్టేది. వెళ్తూ వెళ్తూ “నీ కడుపు చల్లగుండ తల్లీ” అనేది. నువ్వూ నీ పిల్లలూ సుఖంగా ఉండాలి అని దీవెన.

ఒకరోజు నేను అరుగెక్కి ఆ గ్లాసు తీసి, దాంతో నీళ్లు తాగాను. నాయనమ్మ చూసింది. నన్ను రెక్క పట్టుకుని బావి దగ్గరికి లాక్కెళ్లి తలమీదుగా స్నానం చేయించింది. అవ్వ అక్కడే ఉంది. అంతా చూసింది. ఏమీ అనలేదు. నా చేతిలోంచి పడిపోయిన గ్లాసు తీసి, కడిగి, మళ్లీ చూరులో పెట్టింది.

మా నాయనమ్మ చెడ్డది కాదు. నాకు జడలు వేసింది, కథలు చెప్పింది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంది. ఆ నాయనమ్మే ఆ పని చేసింది. రెండూ నిజమే. మనకు ప్రేమ ఉన్నవాళ్లు చేసిన తప్పును తప్పు అనడం కష్టం. అయినా అనాలి.

ఇదంతా ఎవరికీ చెప్పలేదు నేను. ఆ రోజు మెట్ల మీద ఆ ఇద్దరు అబ్బాయిలకు చెప్పాను. మా పాప కూడా విన్నది.

ఐడహో అబ్బాయి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు తల వంచుకుని, “మా దగ్గర కూడా ఉండేది మేడమ్” అన్నాడు. వాళ్ల సంఘంలో పన్నెండేళ్లు నిండే ఏడాదిలో అబ్బాయిలకు దైవసేవ చేసే ఒక హోదా ఇస్తారు. 1978 దాకా నల్లజాతివాళ్లకు మాత్రం ఇచ్చేవారు కాదట. వాళ్ల తాతకు ఆ రోజులు బాగా గుర్తట.

ఫిలిప్పీన్స్ అబ్బాయి నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. “ఆవిడ పేరేంటి?”

నా దగ్గర జవాబు లేదు. ‘పల్లె అవ్వ’ అనేవాళ్లం. ఎన్నో వేసవుల పాటు మా గుమ్మానికి వచ్చి మమ్మల్ని దీవించి వెళ్లిన మనిషి పేరు నాకు తెలీదు. ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చి నెలన్నరే. వాడి పేరు వాడి గుండె మీదే రాసి ఉంది, రోజూ చదువుతూనే ఉన్నాను.

ఆ శనివారం మావారు ఇంట్లో ఉన్నారు కాబట్టి ఇద్దరినీ భోజనానికి పిలిచాం. మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చారు. పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు, పెరుగు. మేము చేత్తో కలుపుకోవడం చూసి ఫిలిప్పీన్స్ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. వాళ్ల దేశంలో కూడా చేత్తో అన్నం తింటారు, దాన్ని ‘కమాయన్’ అంటారట. “నేను కూడా తినొచ్చా?” అన్నాడు. చెంచా పక్కన పెట్టేశాడు. ఇల్లు వదిలిన తర్వాత అంత అన్నం తినలేదన్నాడు. ఐడహో అబ్బాయి ఫోర్కుతో సాంబారన్నం తినడానికి పడిన పాట్లు చూసి మా పాప వాడికి ముద్ద చేయడం నేర్పింది.

మీలో కొందరు ఆదివారం అమ్మమ్మ ఫోన్ అనగానే బాత్రూంలోకి వెళ్లి కూర్చుంటారని నాకు తెలుసు. ఆ అబ్బాయి వారానికి ఒక్కరోజే ఇంటికి ఫోన్ చేయాలి. సోమవారం వాళ్లకు బట్టలు ఉతుక్కునే రోజు, సరుకులు తెచ్చుకునే రోజు, ఫోన్ చేసే రోజు. 2019కి ముందు అది కూడా లేదట. ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మిగతా రోజుల్లో ఉత్తరాలూ ఈమెయిళ్లే. ఎండాకాలం మాకు పొద్దున ఎనిమిదైతే వాళ్ల ఊళ్లో రాత్రి పది. వాళ్లమ్మ నిద్ర ఆపుకుని కూర్చుంటుందట. “మొదటి అయిదు నిమిషాలు అమ్మ ఏమీ మాట్లాడదు. నన్ను చూస్తూ ఉంటుంది అంతే” అన్నాడు.

సెప్టెంబరులో వాడికి బదిలీ వచ్చింది. ఆరు వారాలకు ఒకసారి ఎవరిని ఎక్కడికి మార్చాలో సంఘంవాళ్లు చూస్తారు. చెప్పడానికి ఇద్దరూ వచ్చారు. ఆ రోజు కూడా మెట్ల మీదే మజ్జిగ. తాగాక గ్లాసు పట్టుకుని కుళాయి వైపు నడవబోయాడు. నేను చేయి చాపి తీసుకున్నాను. “వద్దు, నేను కడుగుతాను” అన్నాను. ఎందుకో వాడికి అర్థమైంది. ఇచ్చేశాడు.

“థాంక్యూని మీ భాషలో ఏమంటారు మేడమ్?” అని అడిగాడు నోటుబుక్కు తీస్తూ.

మజ్జిగ ఇస్తే మా ఊళ్లో థాంక్యూ చెప్పరు అన్నాను. “నీ కడుపు చల్లగుండ తల్లీ అంటారు. అయితే అది పెద్దవాళ్లు అనాల్సిన మాట.”

వాడు జేబు మీది బిళ్ల చూపించాడు. ఎల్డర్ అని రాసి ఉంది కదా అని! తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ మాట నాకు చెప్పాడు. తప్పులతోనే చెప్పాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మా నాన్నకు ఫోన్ చేసి అవ్వ పేరు అడిగాను. ఆయనకూ తెలీదు. అమ్మకూ తెలీదు. మా వీధిలో ఎవరికీ తెలీదట. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పల్లెలో ఆవిడ మనవళ్లు ఉన్నారు, వెళ్లి అడుగుతానన్నాడు నాన్న. ఇంకా వెళ్లలేదు. ఇంటి నుంచి పల్లెకు పది నిమిషాల నడక. ప్రతి ఆదివారం ఫోన్లో గుర్తు చేస్తున్నాను.

ఈసారి మీరు అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసినప్పుడు ఒక ప్రశ్న అడగండి. మీ చిన్నప్పుడు ఇంటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రానివాళ్లు ఎవరు? వాళ్ల పేరేమిటి? చెప్పిన జవాబు ఈ పేజీ కింద తెలుగులో రాయండి. పేరు తెలియకపోతే, తెలియదని రాయండి. నేను కూడా నా పుస్తకంలో ప్రస్తుతానికి అదే రాసుకున్నాను.